లోగో ముందు సాక్ష్యం

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక లోగో ఉంది. లోగో అంటే బొమ్మ అనుకునేరు, కాదు. టీవీ విలేకరులు మైకుకి తొడిగే నాలుగు పలకల డబ్బా అది. ఎటు నుంచి చూసినా ఛానెల్ పేరు కనపడేలా అంటించి ఉంటుంది. మా వృత్తిలో ఆ డబ్బానీ మైకునీ కలిపి లోగో అనే అంటాం. మా ఆవిడ దాని మీద ఒక పాత తువ్వాలు కప్పింది. దుమ్ము పడకుండా అని పైకి చెబుతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుందనీ, ఆ కోపం తిరిగి తిరిగి తన మీదే పడుతుందనీ ఆమెకు బాగా తెలుసు.

తోటపల్లి గూడూరు నుంచి సముద్రం దాకా ఉన్న ఊళ్లలో నేను చాలా ఏళ్లు విలేకరిగా తిరిగాను. మొదట పేపరుకి రాశాను, తర్వాత ఛానెల్‌కి మారాను. ఛానెల్ అనగానే స్టూడియో, కెమెరామెన్, కారు ఊహించుకోకండి. నా బండి, నా ఫోను, ఫోనుకి తగిలించుకునే వైరు మైకు, దానికి ఛానెల్ వాళ్లిచ్చిన లోగో. ఎదుటి మనిషి చేత మాట్లాడించాలంటే ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో లోగో చాపాలి. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు "మీరే పట్టుకోండి" అని వాళ్లకే ఇచ్చేవాణ్ణి. రైతులు దాన్ని కొడవలి పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్లు. నాయకులు మాత్రం పుట్టినప్పటి నుంచీ అదే పనన్నట్టు పట్టుకునేవాళ్లు.

ప్రెస్ మీట్ పెడితే బల్ల మీద లోగోలన్నీ వరసగా పేరుస్తాం. వచ్చే పెద్దమనిషి మా మొహాలు చూడడు, లోగోలు చూస్తాడు. గిట్టని ఛానెల్‌ది కనపడిందంటే పక్కనున్నవాడి చెవిలో ఏదో అంటాడు. ఆ పక్కవాడు నవ్వుతూ వచ్చి "ఆ లోగో తీసెయ్యన్నా" అంటాడు. తీసేస్తాం. ప్రభుత్వం మారితే తీయించే లోగో మారుతుంది. తీయించే అలవాటు మాత్రం ఎవరొచ్చినా అట్లాగే ఉంటుంది, కొత్త అల్లుడికి పాత పరుపు వేసినట్టు. ఈ దేశంలో సెన్సారు ఉందా లేదా అని హైదరాబాదులో పెద్దపెద్దవాళ్లు చర్చలు పెట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. మా వైపు దానికి ఆఫీసు లేదు, బోర్డు లేదు, కాగితం అసలే లేదు. ఒక ఫోను చాలు.

సముద్రం వైపు రొయ్యల చెరువులతో పాటు రొయ్యల కంపెనీలూ పుట్టాయి. పొద్దున్నే కంపెనీ బస్సు ఊరూరా ఆగి ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది. చల్లటి షెడ్డులో నిలబడి సాయంత్రం దాకా రొయ్యలు ఒలవడం వాళ్ల పని. రొయ్యల్ని గడ్డకట్టించడానికి అమోనియా వాడతారు. ఒక కంపెనీలో ఒకరోజు పైపు లీకై షెడ్డులోకి గ్యాసు కమ్మింది. చాలామంది కళ్లు మండుతూ, దగ్గుతూ బయటపడ్డారు. ఒకమ్మాయి చనిపోయింది. ఏ కంపెనీయో, ఏ ఊరి పక్కదో చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నానికల్లా విలేకరుల వాట్సాప్ గ్రూపులో ప్రెస్ నోట్ పడింది. రొయ్యల పరిశ్రమలో పనిచేసే ఒక మహిళ అస్వస్థతకు గురై ఆసుపత్రికి తరలిస్తుండగా మరణించిందని, ఎవరూ వదంతులు నమ్మవద్దని. గ్యాసు మాట లేదు. అమ్మాయి పేరు లేదు. అందులో "అస్వస్తత" అని తప్పు రాశారు. మర్నాడు నేను చూసిన ప్రతి పేపరులోనూ అదే వార్త, అదే తప్పుతో సహా వచ్చింది. కనీసం ఒత్తు దిద్దే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. నేనింక ఆగలేక బండి తీశాను.

ఆ తల్లి ఇల్లు చర్చి గోడకి ఆనుకుని ఉంది. వాళ్లు క్రైస్తవులు. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పోయింది. చిన్నదీ అదే కంపెనీలో, అదే షెడ్డులో పని. నేను వెళ్లేసరికి సమాధి చేసి వచ్చేశారు. తల్లి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నేను ఫలానా అని చెప్పగానే ఒకటే మాట అడిగింది.

"పేపర్లో 'ఒక మహిళ' అని రాసినారంట. నా బిడ్డకి పేరు లేదా నాయనా?"

ఉందమ్మా, మీరు చెప్పండి, టీవీలో వేయిస్తానన్నాను. ఆమెకు కావలసింది అంతే. గ్యాసు పీల్చి చచ్చిపోయిన బిడ్డని రోగిష్టిదాన్ని చేశారు, పైగా పేరు కూడా లేకుండా చేశారు. ఆ పేరు ఒక్కసారి నలుగురూ వినేలా చదవాలి. ఇంతకన్నా ఆమె ఇంకేమీ అడగలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

లోగో ఆమె చేతికిచ్చి ఫోను పట్టుకున్నాను. ఆమె వెంటనే లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "ప్రభువు నామానికి స్తోత్రం" అని మొదలుపెట్టింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధనలో ఒక్కొక్కరూ లేచి మైకు పట్టుకుని, తమకు జరిగింది దేవుడి ముందు, సంఘం ముందు చెప్పుకుంటారు. దాన్ని సాక్ష్యం అంటారు. మేం బైటు అనుకునేది, అంటే వార్తలో వేసుకునే మాటల ముక్క, ఆమెకు సాక్ష్యం. బైటు ఇచ్చేటప్పుడు అబద్ధాలాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆడరు.

బిడ్డ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. పొద్దున చద్దన్నం తిని, చెల్లెలితో పోట్లాడి, నవ్వుకుంటూ బస్సెక్కిందని చెప్పింది. ఒంట్లో ఏ జబ్బూ లేదని, చర్చిలో పాటలు పాడేదని చెప్పింది. గ్యాసు కమ్మిందని చెప్పింది. ఆ తర్వాత "ఆ తలుపు..." అని ఆగిపోయింది. కళ్లు తెరిచి, గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డ చిన్న కూతురి వైపు చూసింది. ఏ తలుపమ్మా అని అడిగాను. "చాలు నాయనా" అని లోగో నా చేతిలో పెట్టేసింది.

ఫోను జేబులో పెట్టుకుంటుంటే, అందరూ విన్నారు గదా అని అడిగింది. ఇంకా లేదు, ఇది హైదరాబాదు పంపాలి, వాళ్లు చూసి సాయంత్రం ఆరింటి వార్తల్లో వేస్తారు అన్నాను. ఆమెకు బోధపడలేదు. మైకులో చెప్పాక మళ్లీ ఎవరో చూడడమేంటి? వాళ్ల చర్చి మైకులో చెబితే ఆ క్షణానే రోడ్డు మలుపు దాకా వినపడుతుంది. సాక్ష్యానికీ చెవికీ మధ్యలో ఇంకొకడు కూర్చుని ఉంటాడని ఆమెకు ఎవరు చెబుతారు? ఇంత చదివి నాకే ఆ సంగతి అప్పటిదాకా అంత సూటిగా తట్టలేదు.

సాయంత్రం ఆ వీధివాళ్లంతా ఆమె వాకిట్లో చేరారు. ఎవరో టీవీని వసారాలోకి తెచ్చి పెట్టారు. నేనూ వెళ్లాను. హైదరాబాదు నుంచి ఫోను చేసి, బాగుందయ్యా, మొదటి వార్త నీదే అన్నారు. అట్లాంటి మాట విని చాలా కాలమైంది, లోపల కొంచెం పొంగిపోయానని దాచుకోవడం ఎందుకు. తల్లి ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఎవరో ఆమె చేతిలో గ్లాసుతో టీ పెట్టారు, తాగలేదు. వార్తలు మొదలయ్యే వేళకి ఛానెల్ పెట్టారు. తెర మీద నల్లగా ఒక పలక, ఈ ఛానెల్ ప్రస్తుతం అందుబాటులో లేదని అక్షరాలు. వెనకదీ ముందుదీ పెట్టి చూశారు. అన్నీ దివ్యంగా వస్తున్నాయి. ఒకదాంట్లో ఎవరో ఏదో ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరిస్తున్నాడు. మాదొక్కటే లేదు.

కేబుల్ అబ్బాయికి ఫోను చేస్తే బండి మీద వచ్చాడు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు, నన్ను సొంత అన్నలా చూసేవాడు. వచ్చి వైరు ముట్టుకోలేదు, బాక్సు ముట్టుకోలేదు, నిలబడిన చోటే నిలబడి "పైనుంచే రావడం లేదన్నా" అన్నాడు. వాళ్ల వృత్తిలో అది రోజూ అనే మాట. వానకి తీగ తెగినా, నెల్లూరులో కరెంటు పోయినా అదే చెబుతారు. ఆ రోజు మాత్రం నా మొహంలోకి చూడకుండా చెప్పాడు. పక్కకి పిలిచి గట్టిగా అడిగితే, జిల్లా మొత్తం తీసేశారని, ఎవరు చెప్పారో తనకి తెలియదని, తెలిసినా తనకీ పిల్లకాయలు ఉండారని అన్నాడు. వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఎవర్ని తిట్టాలో ఎప్పుడూ తెలియకుండా ఉండడమే ఈ పద్ధతిలోని తెలివి.

చాప మీది జనం లేచి దులుపుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ తల్లికి మాత్రం చింతేమీ ఉన్నట్టు లేదు. ఈడ కనపడకపోతే ఏముంది, ఆడ ఉండేవోళ్లు విని ఉంటారు గదా అంది. హైదరాబాదులో విన్నారు, కలెక్టరు గారు విన్నారు, మంత్రి విన్నాడు, మన టీవీ పాడైంది అంతే అని ఆమె లెక్క. ఆ లెక్క దిద్దకుండానే నేను బండి తీశాను.

ఛానెల్ పోతే పోయింది, యూట్యూబ్‌లో ఉంది కదా అని ఊళ్లోవాళ్లకి లింకు పంపాను. కొంతమంది చూశారు కూడా. మర్నాడు పొద్దున నొక్కితే వీడియో లేదు. ఎవరు తీశారని ఛానెల్ బ్యూరోని అడిగితే మేమే తీశాం, పైనుంచి చెప్పారు అన్నారు. మళ్లీ అదే పైన. కేబుల్ అబ్బాయికో పైన, బ్యూరోకో పైన, ఆ పైవాడికి ఇంకో పైన. ఆకాశం ఒకటే అనుకుంటాం గానీ, అది మేడ మీద మేడలాగుంది.

ఆ వారంలోనే స్టేషన్ నుంచి, ఒకసారి వచ్చిపొమ్మన్నారని కబురు. వెళ్లాను. ఎస్సై గారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, పిల్లల చదువుల గురించి అడిగారు. మా పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో, ఏ ఆటోలో వెళ్తారో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. వదంతులు పుట్టించి జనాన్ని భయపెట్టడం నేరమని మాటల మధ్యలో ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పారు. కొట్టలేదు, తిట్టలేదు. గౌరవంగా గేటు దాకా వచ్చి సాగనంపారు. ఆ టీ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది. నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే ఇంటికొచ్చి చూపించుకోవడానికైనా ఉండేది.

ఛానెల్ కొన్ని నెలలకి తిరిగొచ్చింది. పైనున్న ఎవరో పైనున్న ఇంకెవరితోనో మాట్లాడుకున్నారు. వచ్చింది వచ్చినట్టు పొద్దున భక్తి, మధ్యాహ్నం వంటలు, సాయంత్రం ప్రారంభోత్సవాలు. నా వార్త గురించి అడిగితే పాతబడిపోయిందన్నారు. రెండోసారి గట్టిగా అడిగాను. నన్ను ఛానెల్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేసినట్టు ఫోనులో ఒక వాక్యం వచ్చింది. అంతకాలం చేసిన పని ఆ ఒక్క వాక్యంతో తీరిపోయింది. లోగో తిరిగి ఇచ్చేయమన్నారు గానీ తీసుకోవడానికి ఎవరూ రాలేదు. నేనూ తీసుకెళ్లి ఇవ్వలేదు. అట్లా అది ఫ్రిజ్ ఎక్కింది.

ఇప్పుడు నేను ఒక ఫ్లెక్సీల షాపులో పని చేస్తున్నాను. నాయకుల పుట్టినరోజులకి మాటలు రాస్తాను. నాతో "లోగో తీసెయ్యన్నా" అన్న మనిషే మొన్న వచ్చి, వాళ్ల నాయకుడికి సముద్రమంత మనసని రాయమన్నాడు, రాశాను. ఒత్తులూ దీర్ఘాలూ ఒక్కటి కూడా తప్పు పోనివ్వను. నా అక్షరం ఇంత పెద్దగా, ఇంత మంది చూసేలా, విలేకరిగా ఉన్నప్పుడు ఏనాడూ రాలేదు.

ఛానెల్ తీసేసినందుకు కూడా నేనింత కుంగిపోలేదు. అది పోయినట్టు ఎవరికీ పట్టకపోవడం నన్ను కుంగదీసింది. కేబుల్ అబ్బాయి చెప్పాడు, సీరియల్ కాసేపు రాకపోతే ఆడా మగా ఇంటి మీదికొస్తారట. వార్తల ఛానెల్ నెలలు రాకపోయినా ఒక్కరు ఫోను చేయలేదట. కుర్రాళ్లని అడిగితే అందరూ అబద్ధాలే చెప్తారు గదన్నా, ఏది రాకపోతే ఏంది అంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కొరుకుతున్నావనుకున్నాడట. వీళ్లు చెవిటివాళ్లు కారు, విని విని విసిగిపోయినవాళ్లు. వాళ్ల మీద కోపం కూడా నిలవదు. ఇదంతా బాగుపడుతుందనే మాట ఎవరైనా అంటే నేను లేచి బయటికి వెళ్లిపోతాను.

ఆ తల్లి నాకు సంతలో కనపడుతూనే ఉండేది. మొదట్లో, ఎవరన్నా ఏమన్నా అన్నారా నాయనా అని అడిగేది. తర్వాత, నీ మైకు సరిగ్గా పని చేసినట్టు లేదే అనేది. ఆ తర్వాత అడగడం మానేసింది. నన్ను చూసి కొంగు సర్దుకుని, తలవంచుకుని వెళ్లిపోయేది. ఎప్పుడు ఎట్లా తెలుసుకుందో నాకు తెలియదు. తన సాక్ష్యం ఎవరికీ వినపడలేదని మాత్రం తెలుసుకుంది.

ఈ మధ్య ఒక ఆదివారం, షాపు సెలవు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాం. ఆమె చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. తెల్ల చీర, చంకలో బైబిలు. మా ఆవిడ మంచినీళ్లిచ్చింది. తాగుతూ తాగుతూ ఫ్రిజ్ మీద తువ్వాలు వైపు చూసి, అదేనా అని అడిగింది. అదే అన్నాను. చూపించమంది. తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. మైకు దానిలోనే ఉంది. వైరు తెగ్గొట్టినట్టు మొండిగా వేలాడుతోంది. ఆమె ఆ వైరు కొస పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది యాడికీ పోదు గదా నాయనా?"

"పోదమ్మా."

"పైకి ఎవరికీ ఇనపడదు గదా?"

"ఎవరికీ వినపడదు."

ఆమె లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుని, "ప్రభువు నామానికి స్తోత్రం" అంది. మా ఆవిడకి ఆ పద్ధతి తెలియదు, అయినా టక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడింది. నేనూ లేచాను.

బిడ్డ పేరుతోనే మొదలుపెట్టింది. చద్దన్నం, చెల్లెలితో పోట్లాట, బస్సు, అన్నీ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది. ఆ తర్వాత ఈసారి ఆగలేదు.

"ఆ షెడ్డుకి ఎనకపక్క ఒక తలుపుండాది. ఆడోళ్లు మాటిమాటికి బయటికి పోతా ఉండారని దానికి బయటపక్క గడి పెట్టించినారు. గ్యాసు కమ్మినప్పుడు అందరూ ముందు పక్కకి పరిగెత్తినారు. నా బిడ్డ ఆ తలుపు కాడ పని చేస్తా ఉన్నాది. పొగలో తిరిగి చూసుకోలేక ఆ తలుపే కొట్టినాది. తీయండి అని అరిచినాది. బయట మనిషి ఉన్నాడు. పైనుంచి చెప్పందే తీయగూడదన్నాడంట. చిన్నది ముందు పక్కనుంచి బయటపడి, చుట్టు తిరిగి ఆడికి పోయి ఇన్నాది. చిన్నది కళ్లారా చూసినాది. ఆ చిన్నదే ఇప్పుడూ ఆ బస్సులోనే పోతా ఉండాది, ఆ షెడ్డులోనే నిలబడతా ఉండాది. అందుకని ఆ పొద్దు నేను ప్రభువు ముందర సగమే చెప్పినాను. ఇప్పుడు మొత్తం చెప్పినాను. ఆమేన్."

నేను ఎన్నో ఏళ్లు లోగో చాపుకుంటూ ఊళ్లు తిరిగాను. నా జన్మకి దొరికిన నిజమైన వార్త అదొక్కటే. అది వైరు ఎటూ తగలని మైకులో, మా ఫ్రిజ్ ముందు చెప్పబడింది. వైరు తగిలించి ఉంటే ఆమె చెప్పేది కాదు. ఏడుపు వచ్చింది గానీ, దానికన్నా ముందు అసహ్యం వేసింది, ఎవరి మీదో చెప్పలేను.

ఆమె లోగో తిరిగి ఫ్రిజ్ మీద పెట్టి, తువ్వాలు తనే కప్పింది. మా ఆవిడ అన్నం తినమంటే, ఇంటికాడ చిన్నది ఎదురుచూస్తా ఉంటాదని చెప్పి బైబిలు తీసుకుంది. మెట్టు దిగాక ఆగి నా వైపు తిరిగింది.

"నువ్వు రాసేవోడివి గదా నాయనా, రాయకుండా ఉండలేవు. ఏమన్నా రాసుకో. నా బిడ్డ పేరు మాత్రం రాయబాక."

రాయలేదు.